ఆన్‌లైన్ పేమెంట్ సర్వీస్‌తో ఇన్‌వాయిస్ పంపడం ఎలా: అకౌంట్ తెరవడం నుంచి డబ్బు చేతికందే వరకు

పని పూర్తయింది. క్లయింట్ బాగుందన్నారు. ఇన్‌వాయిస్ కూడా పంపారు. నెల గడిచినా డబ్బు జాడ లేదు. ఇలాంటప్పుడు ఎగ్గొడతారేమో అన్న టెన్షన్ మొదలవుతుంది. ఎగ్గొట్టేవాళ్లు లేకపోలేదు గానీ, చాలాసార్లు కారణం వేరే ఉంటుంది. మీకు పని అప్పగించిన మనిషి ఒకరు, మీ బిల్లు కట్టే మనిషి ఇంకొకరు. ఆ రెండో మనిషి అకౌంట్స్ విభాగంలో ఉంటారు. మీ పేరు వాళ్లకు తెలియదు, మీరేం చేశారో తెలియదు, పైగా వాళ్ల ముందు ఇంకా బోలెడు బిల్లులుంటాయి. మీ ఇన్‌వాయిస్‌లో ఒక్క చోట సందేహం వచ్చిందంటే దాన్ని పక్కన పెట్టి తర్వాతది అందుకుంటారు. పక్కన పెట్టింది మళ్లీ ఎప్పుడు పైకి వస్తుందో ఎవరూ చెప్పలేరు.

కాబట్టి కింద చెప్పే ప్రతి అడుగులోనూ ఒకటే ప్రశ్న వేసుకోండి. నేనెవరో తెలియని మనిషి, ఎవరినీ ఏమీ అడగకుండా ఈ బిల్లు కట్టగలరా? ఎక్కడ కట్టలేరనిపిస్తే అక్కడ దిద్దుకోవాలి.

1. ముందు సర్వీస్ ఎంచుకోండి

పేపాల్, స్ట్రైప్, వైజ్, స్క్వేర్ లాంటివి చాలానే ఉన్నాయి. ఇన్‌వాయిస్ తయారుచేసి, అందులోనే కట్టే బటన్ పెట్టి పంపడం దాదాపు అన్నిట్లోనూ కుదురుతుంది. తేడాలు వేరే చోట ఉంటాయి. 1998లో మొదలైన పేపాల్ పేరు మీ క్లయింట్‌కి ముందే తెలిసి ఉండే అవకాశం ఎక్కువ. చాలా దేశాల్లో పేపాల్ అకౌంట్ లేనివాళ్లు కూడా ఆ ఇన్‌వాయిస్‌ని కార్డుతో కట్టేయొచ్చు. స్ట్రైప్ 2010లో మొదలైంది. ఇందులో ఇన్‌వాయిస్ మీద మీ వ్యాపారం పేరే ముందు కనిపిస్తుంది. వైజ్ కరెన్సీ మార్చడంలో పేరు తెచ్చుకుంది. కొనే రేటుకీ అమ్మే రేటుకీ మధ్యలో ఉండే మార్కెట్ రేటుకే మార్చి, తన ఛార్జీని విడిగా చూపిస్తుంది.

ఏది మంచిదని అడిగే ముందు చూసుకోవాల్సినవి ఇవి. మీ దేశంలో ఆ సర్వీస్ ద్వారా వ్యాపారపు డబ్బు తీసుకోవడం కుదురుతుందా? క్లయింట్ దేశం నుంచి కట్టడానికి వీలుందా? వచ్చిన డబ్బు మీ బ్యాంకులోకి ఎన్ని రోజుల్లో, ఏ కరెన్సీలో చేరుతుంది? ఒక దేశంలో ఉన్న సదుపాయం పక్క దేశంలో ఉండకపోవచ్చు. అందుకే స్నేహితులు వాడుతున్నారని తెరిచేయకుండా, మీ దేశానికి సంబంధించిన ఆ సర్వీస్ ఫీజుల పేజీ పూర్తిగా చదవండి. అందులో ఒక విషయం దగ్గర ప్రత్యేకంగా ఆగండి. ఇన్‌వాయిస్ పంపడానికి ఛార్జీ లేకపోయినా, డబ్బు వచ్చినప్పుడు ఛార్జీ ఉంటుంది. క్లయింట్ వేరే దేశంలో ఉంటే ఇంకొంత కలుస్తుంది. కరెన్సీ మారితే మరికొంత కలుస్తుంది. మూడూ కలిపి చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

2. అకౌంట్ పక్కాగా సిద్ధం చేసుకోండి

వ్యక్తిగత అకౌంట్‌తో నెట్టుకురావాలని చూడకండి. బిజినెస్ అకౌంటే తెరవండి. గుర్తింపు పత్రాల తనిఖీ, బ్యాంకు అకౌంట్ జత చేయడం మొదటి ఇన్‌వాయిస్ పంపడానికి ముందే పూర్తి చేయాలి. డబ్బు వచ్చాక తనిఖీ మొదలైతే, అది పూర్తయ్యే దాకా ఆ డబ్బు కళ్ల ముందే ఉన్నా తీసుకోలేరు. పత్రాల్లో, బ్యాంకులో, పేమెంట్ అకౌంట్‌లో పేరు ఒకేలా ఉండాలి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరాల్లో ఉంటే తనిఖీ ఆలస్యం కావచ్చు.

చాలామంది పట్టించుకోని సెట్టింగ్ ఇంకొకటుంది. క్లయింట్ కార్డు స్టేట్‌మెంట్‌లో మీ పేమెంట్ పక్కన ఏ పేరు పడాలన్నది మీరే ఎంచుకోవచ్చు. స్ట్రైప్‌లో దీనికి 5 నుంచి 22 అక్షరాల దాకా ఇస్తారు. అక్కడ క్లయింట్‌కి తెలిసిన పేరే ఉండాలి. మీరు ఇన్‌వాయిస్ ఒక పేరుతో పంపి, స్టేట్‌మెంట్‌లో ఇంకో పేరు పడితే, రెండు నెలల తర్వాత లెక్కలు చూసే మనిషి ‘ఇదెవరు?’ అనుకుంటారు. నేరుగా బ్యాంకుకి ఫిర్యాదు చేస్తారు. అలా మొదలయ్యే గొడవలో మీ తప్పేమీ లేకపోయినా నష్టం మీకే.

లోగో ఉంటే పెట్టండి, లేకపోతే ఫర్వాలేదు. రంగుల మీద సమయం పెట్టొద్దు.

అంతా అయ్యాక మీకు మీరే ఒక ఇన్‌వాయిస్ పంపుకోండి. మీ ఇంకో ఈమెయిల్‌కి చిన్న మొత్తంతో పంపి, ఫోన్‌లో తెరిచి చూడండి. క్లయింట్‌కి కనిపించేది అదే. స్ట్రైప్‌లో అయితే టెస్ట్ మోడ్ ఉంది. అందులో 4242 4242 4242 4242 అనే నమూనా కార్డు నంబర్‌తో నిజం డబ్బు కదలకుండానే మొదటి నుంచి చివరి దాకా కట్టి చూడొచ్చు. సబ్జెక్ట్‌లో ఏ పేరు కనిపిస్తోంది, బటన్ నొక్కితే ఎక్కడికి వెళ్తోంది, కట్టాక ఏం వస్తోంది, ఇవన్నీ ఒకసారి కళ్లారా చూస్తే తర్వాత క్లయింట్ ఏదైనా అడిగినప్పుడు తడుముకోరు.

3. పని మొదలుపెట్టే ముందే ఒప్పించుకోవాల్సినవి

ఇన్‌వాయిస్‌లో ఉండే ఏ సంగతీ క్లయింట్‌కి కొత్తగా అనిపించకూడదు. మొత్తం, కరెన్సీ, గడువు, అడ్వాన్స్ ఎంత, ఫీజు ఎవరు భరిస్తారు, పన్ను అదనమా లేక కలిపేనా అన్నవి పని మొదలయ్యే ముందే ఒక ఈమెయిల్‌లో రాసి ‘సరే’ అనిపించుకోండి. పెద్ద ఒప్పంద పత్రం లేకపోయినా ఆ ఒక్క జవాబు చాలా ఉపయోగపడుతుంది.

అదే ఈమెయిల్‌లో మరో రెండు ప్రశ్నలు అడగండి. ఇన్‌వాయిస్ ఎవరి పేరు మీద, ఏ ఈమెయిల్‌కి పంపాలి? మీ దగ్గర పర్చేజ్ ఆర్డర్ నంబర్ అవసరమా? పర్చేజ్ ఆర్డర్ (పీవో) అంటే ఫలానా పని చేయించుకుంటున్నామని కంపెనీ ముందుగా ఇచ్చే పత్రం. కొంచెం పెద్ద కంపెనీల్లో ఈ పీవో నంబర్ లేకుండా బిల్లు సిస్టమ్‌లోకే ఎక్కదు. అది లేని ఇన్‌వాయిస్ తిరిగి వస్తుంది, కొన్నిసార్లు తిరిగి కూడా రాదు. అకౌంట్స్ వాళ్లకంటూ విడిగా ఒక ఈమెయిల్ ఉంటే ఇన్‌వాయిస్ దానికి పంపి, మీకు పని ఇచ్చిన మనిషిని కాపీలో పెట్టండి. ఆ మనిషి సెలవులో ఉన్నా బిల్లు ఆగదు.

4. ఇన్‌వాయిస్ నింపడం

ఇక్కడ తొందరపడొద్దు. ఒక్కో గడీ మీ తరఫున మాట్లాడుతుంది.

పేర్లు, చిరునామాలు: రెండు వైపులా అధికారిక పేర్లే రాయండి. క్లయింట్ కంపెనీ బ్రాండ్ పేరు ఒకటి, రిజిస్టరైన పేరు ఇంకొకటి అయి ఉండొచ్చు. బిల్లు రిజిస్టరైన పేరు మీద ఉండాలి. మీకు పన్ను నంబర్ ఉంటే మీ చిరునామా కిందే పెట్టండి. క్లయింట్‌ది కూడా అడిగి రాయాల్సిన దేశాలున్నాయి.

ఇన్‌వాయిస్ నంబర్: వరుసగా ఉండాలి, ఒకసారి వాడింది మళ్లీ వాడకూడదు. యూరోపియన్ యూనియన్ వ్యాట్ నిబంధనల్లో ఇలాంటి వరుస నంబర్ తప్పనిసరి. 2026-014 లాగా సంవత్సరం, దాని పక్కన వరుస సంఖ్య పెట్టుకుంటే మీకూ వెతకడం తేలిక. పేమెంట్ సర్వీస్ తనంతట తానే నంబర్ ఇస్తుంది, మొదటిది మాత్రం మీరు మార్చుకోవచ్చు. ఒకటికి మించిన సర్వీసులు వాడుతుంటే రెండు చోట్లా ఒకే నంబర్ రాకుండా ముందు వేరే అక్షరాలు పెట్టండి.

తేదీలు: 04/05/2026 అంటే కొందరికి మే 4, ఇంకొందరికి ఏప్రిల్ 5. వేరే దేశంలోని క్లయింట్ అయితే గడువు ఒక నెల అటూ ఇటూ అయిపోతుంది. నెల పేరు అక్షరాల్లో రాయండి, లేదా 2026-05-04 అని సంవత్సరం ముందు పెట్టే అంతర్జాతీయ పద్ధతి వాడండి.

గడువు: ‘నెట్ 30’ అంటే సాధారణంగా ఇన్‌వాయిస్ తేదీ నుంచి 30 రోజులు. కానీ కొందరు నెలాఖరు నుంచి లెక్కపెడతారు, కొందరు తమకు అందిన రోజు నుంచి. ఈ తేడాకి తావివ్వకుండా ‘మే 19, 2026లోగా’ అని రోజే రాసేయండి. ఎన్ని రోజులు ఇవ్వాలన్నది మీ ఇష్టం. చిన్న పనికి 7 లేదా 14 రోజులు అడగడంలో మొహమాటం అక్కర్లేదు. క్లయింట్ కంపెనీలో బిల్లులు నెలకు రెండుసార్లే కడతారని తెలిస్తే, ఆ రోజుకు నాలుగైదు రోజుల ముందు గడువు పెట్టండి. ‘అందిన వెంటనే’ అన్న గడువు చూడ్డానికి గట్టిగా ఉంటుంది గానీ, ఏ రోజు దాటితే ఆలస్యమో చెప్పదు కాబట్టి నాకు నచ్చదు.

కరెన్సీ: డాలర్ గుర్తు ఒక్కటే పెడితే సరిపోదు. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, సింగపూర్ అన్నిటిదీ అదే గుర్తు. యూఎస్‌డీ, సీఏడీ, ఏయూడీ లాంటి మూడక్షరాల కోడ్ కనిపించేలా చూడండి. పని మాట్లాడుకున్న కరెన్సీలోనే బిల్లు వేయండి.

పని వివరాలు: మొత్తం ఇన్‌వాయిస్‌లో అన్నిటికంటే ముఖ్యమైన చోటు ఇదే. చాలామంది దీన్నే ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఇలాంటి గీత ఎన్నో ఇన్‌వాయిస్‌లలో కనిపిస్తుంది:

‘డిజైన్ పని – 1,200’

అకౌంట్స్‌లో ఉన్న మనిషికి దీన్నుంచి ఏం తెలుస్తుంది? ఏ డిజైన్? ఎవరడిగారు? ఎప్పుడు? అంతా పూర్తయిందా? నాలుగు ప్రశ్నలు, నాలుగింటికీ ఇంకెవరినో అడగాలి. అదే గీతని ఇలా విడదీసి చూడండి:

‘ఉత్పత్తుల క్యాటలాగ్ డిజైన్, 24 పేజీలు. ఏప్రిల్ 6న ఈమెయిల్‌లో ఆమోదించిన కొటేషన్ ప్రకారం. తుది ఫైళ్లు ఏప్రిల్ 28న అందజేశాం. 1 × 1,000’

‘ముఖచిత్రానికి అదనపు మార్పులు, మార్కెటింగ్ విభాగం ఏప్రిల్ 20న కోరినవి. 4 గంటలు × 50 = 200’

మొత్తం అదే 1,200. కానీ ఇప్పుడు ఆ మనిషి ఎవరినీ అడగాల్సిన పని లేదు. ఇందులో మూడు సంగతులున్నాయి గమనించండి: ఏం చేశారు, ఎవరు ఒప్పుకున్నారు, ఎప్పుడు అందింది. అదనంగా చేసిన పనిని అసలు పనిలో కలిపేయకుండా విడిగా చూపించారు. అలా చూపిస్తే ఒకవేళ దాని మీద చర్చ వచ్చినా 200 గురించే వస్తుంది, మిగతా 1,000 ఆగదు.

గంటల లెక్కన చేసే పని అయితే టైమ్‌షీట్‌ని ఫైల్‌గా జత చేయండి. ఇన్‌వాయిస్‌లో మాత్రం మొత్తం గంటలు, రేటు చాలు. రోజువారీ జాబితా అంతా అందులో కుక్కితే అసలు అంకె కనబడదు.

పన్ను: జీఎస్‌టీ, వ్యాట్ లాంటివి వర్తిస్తే శాతం, మొత్తం విడి గీతలో ఉండాలి. వేరే దేశపు క్లయింట్ అయితే పన్ను వేయాలా వద్దా అన్నది రెండు దేశాల నిబంధనలను బట్టి మారుతుంది. మొదటిసారి మాత్రం మీ అకౌంటెంట్‌ని అడిగి, వాళ్లు చెప్పిన వాక్యాన్నే టెంప్లేట్‌లో పెట్టేసుకోండి.

5. కట్టే పద్ధతి, ఫీజు లెక్క

పాక్షిక చెల్లింపు అనుమతించాలా అని సర్వీస్ అడుగుతుంది. పేపాల్‌లో అయితే కనీసం ఇంత కట్టాలని కూడా పెట్టొచ్చు. పెద్ద మొత్తాన్ని విడతల్లో తీసుకోవాలనుకుంటే ఈ సదుపాయం కంటే ఒక్కో విడతకి ఒక్కో ఇన్‌వాయిస్ వేయడమే మేలని నా అభిప్రాయం. సగం కట్టిన బిల్లు అకౌంట్స్ వాళ్లకి తలనొప్పి, మీకూ లెక్క చిక్కు. అడ్వాన్స్‌కి ఒకటి, మధ్యలో ఒకటి, చివర ఒకటి వేస్తే దేని గడువు దానికే ఉంటుంది.

ఇక ఫీజు. ఉదాహరణకి సర్వీస్ 3 శాతం, దాని మీద ఇంకో 30 సెంట్లు తీసుకుంటుందనుకుందాం. మీ సర్వీస్ రేటు వేరుగా ఉంటుంది, పద్ధతి మాత్రం ఇదే. మీ చేతికి సరిగ్గా 1,000 డాలర్లు రావాలి. చాలామంది 1,000 మీద 3 శాతం కలిపి, 30 సెంట్లు చేర్చి 1,030.30 అని వేస్తారు. కానీ సర్వీస్ ఆ 3 శాతాన్ని 1,030.30 మీద తీసుకుంటుంది. ఫీజు 31.21 పోగా చేతికి 999.09 వస్తుంది. సరైన లెక్క ఇది: రావాల్సిన మొత్తానికి 30 సెంట్లు కలపండి, వచ్చినదాన్ని 0.97తో భాగించండి. 1,000.30ని 0.97తో భాగిస్తే 1,031.24. ఇందులోంచి ఫీజు పోతే సరిగ్గా 1,000 మిగులుతుంది. మొత్తం పెరిగేకొద్దీ ఈ రెండు లెక్కల మధ్య తేడా కూడా పెరుగుతుంది.

అయితే ఆ ఫీజుని ఇన్‌వాయిస్‌లో ‘పేమెంట్ ఛార్జీ’ అని విడి గీతగా వేయొద్దు. కార్డుతో కట్టినందుకు అదనంగా వసూలు చేయడం కొన్ని దేశాల్లో చట్టవిరుద్ధం. యూరోపియన్ యూనియన్‌లో 2018 జనవరి నుంచి సాధారణ వినియోగదారుల కార్డుల మీద ఇలాంటి అదనపు ఛార్జీ నిషేధం. కొన్ని పేమెంట్ సర్వీసుల షరతులు కూడా ఒప్పుకోవు. పని రేటు చెప్పేటప్పుడే ఈ ఖర్చు లెక్కలో వేసుకోవడం అన్ని విధాలా సుఖం. మొత్తం పెద్దదైతే కార్డు బదులు బ్యాంకు ద్వారా కట్టే వీలు ఇవ్వండి. చాలా సర్వీసుల్లో దాని ఫీజు కార్డు కంటే తక్కువ.

కరెన్సీ మార్పిడి కూడా గుర్తుపెట్టుకోండి. డబ్బు రాగానే దానంతట అదే మీ కరెన్సీలోకి మారిపోవాలా, వచ్చిన కరెన్సీలోనే ఉంచాలా అన్న సెట్టింగ్ ఉంటే చూసుకోండి. సర్వీస్ ఇచ్చే రేటులో దాని లాభం కలిసి ఉంటుంది. ఫీజుల జాబితాలో పైకి కనబడని ఖర్చు ఇదే.

6. పంపడం

ఇన్‌వాయిస్ పంపే ముందు, లేదా పంపిన వెంటనే, మీ సొంత ఈమెయిల్ నుంచి ఒక మాట రాయండి. దీనికి గట్టి కారణం ఉంది. మోసగాళ్లు పేమెంట్ సర్వీసుల నుంచే నిజమైన ఇన్‌వాయిస్‌లు సృష్టించి, కొనని వస్తువులకి డబ్బు అడుగుతున్నారు. అందుకని జాగ్రత్తగా ఉండే ఏ అకౌంట్స్ ఉద్యోగైనా, చెప్పాపెట్టకుండా వచ్చిన పేమెంట్ లింక్‌ని నొక్కరు. నొక్కకూడదు కూడా. ఫలానా సర్వీస్ నుంచి, ఫలానా నంబర్‌తో, ఇంత మొత్తానికి ఇన్‌వాయిస్ వస్తుందని మీరు ముందే చెబితే వాళ్లు సరిపోల్చుకుని కడతారు.

ఆ ఈమెయిల్ ఇలా ఉంటే చాలు:

సబ్జెక్ట్: ఇన్‌వాయిస్ 2026-014, క్యాటలాగ్ డిజైన్, గడువు మే 19, 2026

‘నమస్కారం అండీ. క్యాటలాగ్ డిజైన్ పనికి సంబంధించిన ఇన్‌వాయిస్ 2026-014 పేపాల్ ద్వారా ఈరోజు మీకు అందుతుంది. మొత్తం 1,200 యూఎస్‌డీ, గడువు మే 19. మీ పీవో నంబర్ అందులో రాశాను. పీడీఎఫ్ కాపీ ఈ ఈమెయిల్‌కి జత చేశాను. కార్డుతోగానీ పేపాల్ బ్యాలెన్స్‌తోగానీ కట్టవచ్చు. బిల్లులో ఏదైనా మార్చాల్సి ఉంటే ఈ శుక్రవారంలోగా చెప్పండి, వెంటనే సరిచేసి పంపుతాను.’

చివరి వాక్యాన్ని తీసేయకండి. బిల్లులో లోపం ఉంటే గడువు రోజున కాకుండా ఈ వారంలోనే బయటపడుతుంది. పీడీఎఫ్ జత చేయడం కూడా ముఖ్యమే. చాలా కంపెనీలు తమ సిస్టమ్‌లోకి ఫైల్ ఎక్కిస్తాయి, లింక్ వాళ్లకి పనికిరాదు.

ఇన్‌వాయిస్‌లో కింద నోట్ రాసే గడిలో రెండు మూడు వాక్యాలకి మించి రాయొద్దు. కృతజ్ఞతలు ఒక ముక్క, సందేహాలుంటే మీ ఈమెయిల్, ఆలస్యమైతే వర్తించే షరతు. ఆ షరతు ముందు ఒప్పుకున్నదే అయి ఉండాలి. బ్రిటన్‌లో అయితే, ఒప్పందంలో వేరే వడ్డీ రాసుకోకపోయినా, వ్యాపారాల మధ్య ఆలస్యమైన బాకీ మీద బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ బేస్ రేటుకి 8 శాతం కలిపి వడ్డీ అడిగే హక్కు 1998 నాటి చట్టం ఇస్తోంది. మీకు వర్తించే చట్టంలో ఏముందో ఒకసారి చూసుకోండి.

పని ఇంకా వేడిగా ఉన్నప్పుడే పంపండి. ఫైళ్లు అందజేసిన రోజే బిల్లు కూడా వెళ్తే క్లయింట్‌కి ఆ పని విలువ కళ్ల ముందుంటుంది. మూడు వారాలు ఆగి పంపితే వాళ్లు కూడా అంతే తీరిగ్గా కడతారు.

7. పంపాక ఏం గమనించాలి

డ్యాష్‌బోర్డ్‌లో ప్రతి ఇన్‌వాయిస్ పక్కన దాని స్థితి కనిపిస్తుంది. డ్రాఫ్ట్, పంపినది, చూసినది, కట్టినది, గడువు దాటినది, ఇలా. ‘చూశారు’ అని ఉందంటే ఎవరో తెరిచారని మాత్రమే అర్థం, ఆమోదించారని కాదు. అసలు తెరవలేదని రెండు మూడు రోజులైనా కనిపిస్తే స్పామ్‌లో పడిందేమో అనుకోండి. అప్పుడు లింక్ కాపీ చేసి మీ ఈమెయిల్ నుంచి పంపండి.

రిమైండర్లు సర్వీస్ ద్వారా వాటంతట అవే వెళ్లేలా పెట్టుకోవచ్చు. గడువుకి మూడు రోజుల ముందు ఒకటి, గడువు రోజున ఒకటి, వారం దాటాక ఒకటి పెట్టండి. గడువుకి ముందు వెళ్లే రిమైండరే అన్నిటికంటే ఎక్కువ పని చేస్తుంది. ఎందుకంటే అప్పటికింకా ఎవరూ తప్పు చేయలేదు, మాట నొచ్చుకునే అవసరం రాదు. డబ్బు అడగడానికి ఇబ్బందిపడే మనస్తత్వం ఉన్నవాళ్లకి ఇది పెద్ద ఊరట.

వారం దాటినా కట్టకపోతే మాత్రం యంత్రం మీద వదిలేయొద్దు. మీరే రాయండి. ‘ఇన్‌వాయిస్ 2026-014 గడువు మే 19న దాటింది. మీ వైపు ఏదైనా వివరం కావాల్సి ఆగిందా? కట్టే తేదీ చెబితే నేను అందుకు తగ్గట్టు చూసుకుంటాను.’ ఇందులో నింద లేదు, కానీ తేదీ చెప్పక తప్పని ప్రశ్న ఉంది. జవాబు రాకపోతే అకౌంట్స్‌కి ఫోన్ చేయండి. అక్కడ చాలాసార్లు ‘పీవో నంబర్ లేదండీ’ లాంటి చిన్న జవాబే వస్తుంది. ఆ తర్వాతి పని ఇంకా మిగిలి ఉంటే, పాత బకాయి తీరాకే మొదలుపెడతానని మర్యాదగా చెప్పేయండి.

8. తప్పు పడితే

పంపాక తప్పు కనబడితే, కట్టకముందు పేపాల్‌లో దిద్ది మళ్లీ పంపొచ్చు. స్ట్రైప్‌లో ఖరారు చేసిన ఇన్‌వాయిస్‌లో అంకెలు నేరుగా మార్చలేరు. దాన్ని రద్దు చేసి కొత్తది వేయాలి, లేదా తేడాకి క్రెడిట్ నోట్ (బిల్లులో అంత మొత్తం తగ్గించామని చెప్పే పత్రం) ఇవ్వాలి. మార్చే వీలున్న చోట కూడా, అంకె మారితే పాతది రద్దు చేసి కొత్త నంబర్‌తో పంపడమే మంచిది. ఒకే నంబర్‌తో రెండు రకాల మొత్తాలు క్లయింట్ చేతిలో ఉంటే ఏది కట్టాలో వాళ్లకి తెలియదు. రద్దు చేసిన దాన్ని చెరిపేయకండి. వరుసలో ఖాళీ వస్తే తనిఖీ రోజున సమాధానం చెప్పాల్సింది మీరే.

క్లయింట్ నేరుగా బ్యాంకులో వేసేసిన సందర్భాలుంటాయి. అప్పుడు సర్వీస్‌లో ఆ ఇన్‌వాయిస్‌ని ‘కట్టినది’గా మీరే నమోదు చేయాలి. మర్చిపోతే కట్టేసిన మనిషికి రిమైండర్లు వెళ్తూనే ఉంటాయి. మంచి క్లయింట్‌ని చిరాకు పెట్టడానికి అంతకంటే ఏం కావాలి!

9. గొడవలు, మోసాలు

కార్డుతో కట్టిన డబ్బు మీద క్లయింట్ తన బ్యాంకు ద్వారా ఛార్జ్‌బ్యాక్ అడగొచ్చు, అంటే కట్టిన డబ్బు వెనక్కి ఇప్పించమనొచ్చు. పేపాల్‌లో అయితే కట్టిన 180 రోజుల్లోపు వివాదం లేవనెత్తే వీలుంది. ఇలాంటిది వస్తే జవాబు చెప్పడానికి ఇచ్చే సమయం తక్కువ. స్ట్రైప్‌లో సాధారణంగా 7 నుంచి 21 రోజులు. చేతికందే వస్తువు కాకుండా ఫైళ్లు, సేవలు అమ్మేవాళ్లకి ‘అందజేశాం’ అని నిరూపించడం కొంచెం కష్టం. అందుకే ప్రతి పనికీ ఒక ఫోల్డర్ పెట్టి, కొటేషన్, ‘సరే’ అన్న ఈమెయిల్, ఫైళ్లు పంపిన ఈమెయిల్, నచ్చిందన్న జవాబు అందులో వేసేయండి. పని వివరాల గీతలో మీరు రాసిన తేదీలు ఇక్కడ మళ్లీ అక్కరకొస్తాయి.

రెండు మోసాలు గుర్తుంచుకోండి. ఒకటి, కొత్త క్లయింట్ పొరపాటున ఎక్కువ కట్టానని, మిగతాది ఇంకో అకౌంట్‌కి పంపమని అడగడం. ఎప్పుడూ అలా పంపొద్దు. వచ్చిన పేమెంట్‌నే సర్వీస్ లోపల్నుంచి రీఫండ్ చేయండి. లేదంటే అసలు పేమెంట్ దొంగ కార్డుదని తేలి వెనక్కి పోతుంది, మీరు పంపింది కూడా పోతుంది. రెండోది, మీ పేరుతో క్లయింట్‌కి ‘మా బ్యాంకు వివరాలు మారాయి’ అని ఎవరో ఈమెయిల్ రాయడం. మొదటి ఇన్‌వాయిస్ అప్పుడే క్లయింట్‌కి చెప్పి ఉంచండి: వివరాలు మారితే ఫోన్ చేసి చెబుతాను, ఈమెయిల్‌లో ఎప్పుడూ చెప్పను అని. మీ ఈమెయిల్‌కి, పేమెంట్ అకౌంట్‌కి రెండంచెల లాగిన్ తప్పకుండా పెట్టుకోండి.

10. డబ్బు వచ్చాక

అందిందని ఒక వాక్యం రాయండి. రసీదు సర్వీసే పంపుతుంది, కానీ మీ మాట వేరు.

తర్వాత లెక్క రాయడంలో ఒక జాగ్రత్త. మీ బ్యాంకులో పడేది ఫీజు పోగా మిగిలిన మొత్తం, అదీ కొన్నిసార్లు మూడు నాలుగు ఇన్‌వాయిస్‌ల డబ్బు కలిపి ఒకే అంకెగా పడుతుంది. మీ ఆదాయం మాత్రం ఇన్‌వాయిస్ మొత్తం, ఫీజు మీ ఖర్చు. 1,200 బిల్లు వేసి 1,163.70 అందితే, ఆదాయం 1,200, ఖర్చు 36.30 అని రెండు గీతలుగా రాయండి. పన్ను లెక్కలు ఇలా ఉంటేనే సరిపోతాయి.

నెలకోసారి సర్వీస్ నుంచి లావాదేవీల రిపోర్ట్, ఇన్‌వాయిస్ పీడీఎఫ్‌లు దింపుకుని మీ దగ్గర దాచుకోండి. అకౌంట్ మీద ఎప్పుడైనా ఆంక్షలు పడినా, మీరు సర్వీస్ మారినా, పాత బిల్లులు మీ చేతిలోనే ఉంటాయి. ప్రతి నెలా ఒకే మొత్తం వచ్చే క్లయింట్లకి రికరింగ్ ఇన్‌వాయిస్ పెట్టేయండి. మిగతావాళ్లకి ఇప్పుడు నింపిన దాన్నే టెంప్లేట్‌గా సేవ్ చేసుకుంటే, వచ్చేసారి మార్చాల్సినవి పని వివరాలు, తేదీలు, మొత్తం, పీవో నంబర్ మాత్రమే. ఆ పాత పీవో నంబర్ అలాగే ఉండిపోలేదు కదా అని పంపే ముందు ఒకసారి చూసుకోండి.